డియర్‌బోర్న్ ఓటరు ముందున్న రెండు పేర్లు
(మైనారిటీ హక్కులపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకే పార్టీ టికెట్టు కోసం ఇద్దరు పోటీపడుతున్నారు. ఇద్దరూ మనకు శత్రువులు కారు. అప్పుడు ఎవరిని ఎంచుకోవాలి? నిర్వాహకులు నన్ను మాట్లాడమన్న అంశం ఇది. మన దేశంలో ఈ ప్రశ్న సామాన్య ఓటరు దాకా రానే రాదు. బీ-ఫారం ఎవరి చేతికి వెళ్ళాలో అధిష్ఠానం తేలుస్తుంది. మనకు మిగిలేది పోలింగునాడు మీట నొక్కడమే. అమెరికాలో అభ్యర్థి ఎవరన్నది కూడా ప్రజలే ఓటు వేసి నిర్ణయిస్తారు. ఆ ఎన్నికను ప్రైమరీ అంటారు. హైదరాబాదు నుంచి, గుంటూరు, కర్నూలు వంటి ఊళ్ళ నుంచి వెళ్ళి అక్కడ పౌరసత్వం పొందిన మన పిల్లలు ఆ ఓటు వేస్తున్నారు గనుక ఇది మనకు పరాయి విషయం కాదు. ఊహలు పక్కనబెట్టి, జరిగిన ఒక ప్రైమరీని తీసుకుని మాట్లాడతాను. అది 2016 మార్చి 8న మిషిగన్ రాష్ట్రంలో జరిగిన డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీ.

డెట్రాయిట్ నగరాన్ని ఆనుకుని డియర్‌బోర్న్ అనే ఊరున్నది. ఫోర్డు కార్ల కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే. ఆ కంపెనీ రూజ్ కర్మాగారంలో పని కోసం లెబనాన్ నుంచి, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. తరువాత ఇరాక్ యుద్ధాల నుంచి తప్పించుకుని వచ్చినవారు చేరారు. సమీపంలోని హామ్‌ట్రామ్క్ అనే చిన్న పట్టణంలో 2015 నవంబరు ఎన్నికల తరువాత నగర మండలిలో ముస్లిం సభ్యులే అధిక సంఖ్యాకులయ్యారు. అంటే, ఓటును లెక్కపెట్టడం తెలిసిన సమాజం అది.

ఆ సమాజం మీద అప్పుడు ఒక నీడ పడి ఉన్నది. 2015 డిసెంబరు 7న డోనాల్డ్ ట్రంప్ ముస్లింలను అమెరికాలోకి రానివ్వకుండా పూర్తిగా ఆపివేయాలని ప్రకటించాడు. రిపబ్లికన్ పార్టీలో అతని బలం తగ్గలేదు. కనుక డెమొక్రటిక్ ప్రైమరీలో వేసే ప్రతి ఓటు వెనుకా మరొక ప్రశ్న దాగి ఉన్నది: ఇతనిని ఓడించగలవారు ఎవరు?

పోటీలో ఒకరు హిల్లరీ క్లింటన్. సెనేటరుగా, విదేశాంగ మంత్రిగా పనిచేసినవారు. ముస్లింల నిషేధాన్ని గట్టిగా ఖండించారు. ఆమెకు అతి సన్నిహితంగా పనిచేసిన హుమా అబెదిన్ ముస్లిం మహిళ. రెండవవారు వెర్మాంట్ సెనేటరు బెర్నీ శాండర్స్. బ్రూక్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టినవాడు. పోలండులో ఉండిపోయిన ఆయన తండ్రి బంధువులు నాజీల చేతుల్లో హతమయ్యారు. అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ 2015 అక్టోబరులోనే శాండర్స్‌కు మద్దతు ప్రకటించాడు.

ఇలాంటి సమయంలో మనలో వినిపించే వాదన మీకందరికీ తెలిసినదే. "గెలిచే గుర్రం మీద పందెం కాయండి. ఓట్లు చీల్చకండి. మంచివాడని ఓడిపోయేవాడికి వేస్తే వచ్చేది శత్రువే." ఈ వాదనను నేను తేలికగా కొట్టివేయను. భయం అబద్ధం కాదు. కాని ఆ ప్రైమరీ నియమాలను ఒకసారి చూడండి. డెమొక్రటిక్ పార్టీ పద్ధతిలో 15 శాతం దాటిన అభ్యర్థికి ఓట్ల నిష్పత్తిని బట్టి ప్రతినిధులు దక్కుతారు. ఓడినవాడికి వేసిన ఓటు కూడా పార్టీ మహాసభలో ఒక గొంతుగా నిలుస్తుంది. సార్వత్రిక ఎన్నికలో చీలిన ఓటు శత్రువుకు లాభం కావచ్చు. ఇక్కడ అది ఇంట్లోవాళ్ళ మధ్య లెక్క. రెండు ఓట్లు వేర్వేరు. రెండింటికీ ఒకే భయాన్ని కొలబద్దగా పెట్టినప్పుడే మన సమాజం నోరు కట్టుకుని నిలబడవలసి వస్తుంది.

మరి కొలబద్ద ఏది? మాట్లాడడానికి ఖర్చు అయిన రోజున ఎవరు ఏం చేశారన్నదే నా దృష్టిలో కొలబద్ద. 2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానం వచ్చింది. సెప్టెంబరు 11 దాడులు జరిగి అప్పటికి ఏడాదే దాటింది. వ్యతిరేకిస్తే దేశద్రోహి అనే ముద్ర సిద్ధంగా ఉన్నది. సెనేట్‌లో 77 మంది అనుకూలం, 23 మంది వ్యతిరేకం. అనుకూలించినవారిలో క్లింటన్ ఒకరు. ప్రతినిధుల సభలో 296 మంది అనుకూలం, 133 మంది వ్యతిరేకం. వ్యతిరేకించినవారిలో శాండర్స్ ఒకరు. క్లింటన్ ఆ తరువాత తన ఓటు పొరపాటని వ్రాసుకున్నారు. ఆ మాట ఆమె గౌరవాన్ని పెంచేదే. కాని ఆ ఓటు ఫలితాన్ని అనుభవించి డియర్‌బోర్న్‌కు చేరిన ఇరాకీ కుటుంబానికి అది చరిత్ర పుస్తకంలోని ఒక పంక్తి మాత్రమే కాదు కదా.

యుద్ధం ఒక్కటే కారణమని చెప్పడం కూడా అన్యాయమే. మిషిగన్ అంటే మూతబడిన కర్మాగారాల రాష్ట్రం. మెక్సికో, కెనడాలతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని మొదటినుంచీ ఎదిరించినవాడిగా శాండర్స్‌కు కార్మికులలో పేరున్నది. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా, ప్రభుత్వ కళాశాలలలో ఉచిత చదువు ఆయన ప్రధాన వాగ్దానాలు. ముస్లిం ఓటరుకు ముస్లిం సమస్య ఒక్కటే ఉంటుందని ఎవరన్నారు? అతనికీ ఆసుపత్రి బిల్లు వస్తుంది, కూతురి కాలేజీ ఫీజు కట్టవలసి వస్తుంది.

మార్చి 8 రాత్రి ఫలితం వచ్చింది. క్లింటన్ 20 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారని చెప్పిన సర్వేలన్నీ తలకిందులయ్యాయి. సుమారు 12 లక్షల ఓట్లలో సుమారు 17 వేల ఆధిక్యంతో శాండర్స్ గెలిచాడు. 130 మంది ప్రతినిధులలో 67 మంది ఆయనకు, 63 మంది క్లింటన్‌కు దక్కారు. డియర్‌బోర్న్‌లో ఆయనకు దాదాపు 59 శాతం ఓట్లు పడ్డాయి. అరబ్బులు, ముస్లింలు ఒక యూదునికి ఓటు వేశారట అని కొందరు వ్యాఖ్యాతలు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యమే నాకు ఆశ్చర్యం. అభ్యర్థి ఏ ప్రార్థనాలయానికి వెళతాడో చూసి తప్ప మనం ఎంచుకోలేమని వాళ్ళు నమ్మినట్టున్నది. మన దగ్గర రంజాన్ నెలలో టోపీ పెట్టుకుని ఇఫ్తార్ విందుకు వచ్చి, ఖర్జూరం నోట పెట్టుకుని ఫొటో దిగి వెళ్ళే నాయకుల నమ్మకమూ అదే.

కథ అక్కడ ముగియలేదు. దేశమంతటి లెక్కలో క్లింటనే నెగ్గారు. జూలై 12న శాండర్స్ ఆమెకు మద్దతు ప్రకటించాడు. ఆ నెల 28న ఫిలడెల్ఫియా మహాసభలో ఖిజర్ ఖాన్ అనే తండ్రి రాజ్యాంగ ప్రతిని చేతబట్టి ట్రంప్‌ను నిలదీశాడు. ఆయన కుమారుడు కెప్టెన్ హుమాయూన్ ఖాన్ 2004లో ఇరాక్‌లో మరణించిన అమెరికా సైనికాధికారి. ఏ యుద్ధానికి క్లింటన్ ఓటు వేశారో ఆ యుద్ధంలోనే కొడుకును పోగొట్టుకున్న తండ్రి, ఆమెను గెలిపించమని వేదికనెక్కాడు. ప్రైమరీ వేరు, నవంబరు వేరు అని దీనికంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

నవంబరులో మిషిగన్‌ను ట్రంప్ 10,704 ఓట్ల తేడాతో గెలిచాడు. 2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాల ప్రజల రాకను ఆపుతూ ఉత్తర్వు వచ్చింది. శాండర్స్ అయితే గెలిచేవాడని నేను అనను. అది ఎవరూ నిరూపించలేని మాట. కాని ఆమె మాత్రమే గెలవగలరని మార్చిలో చెప్పినవారి జ్యోతిషమూ నిలవలేదు. తన అభ్యర్థి ప్రైమరీలో ఓడిపోయాడని అలిగి నవంబరులో ఇంట్లో కూర్చున్నవాడిని మాత్రం నేను సమర్థించలేను. ఆ రాష్ట్రంలో 10,704 అంటే కొన్ని పేటల ఓట్లు.

ఇక మన సంగతి. మనకు ప్రైమరీ లేదు. కాని బీ-ఫారానికి ముందు ప్రతి నియోజకవర్గంలోనూ ఇద్దరు ముగ్గురు ఆశావహులు మన మొహల్లాలకు వస్తారు, మసీదు కమిటీలను కలుస్తారు. మన ప్రైమరీ ఆ కొద్ది వారాలే. అప్పుడు మనం శాలువాలు కప్పి పంపిస్తాం. అలా కాకుండా అడగండి: వక్ఫ్ భూమి ఆక్రమణకు గురైనప్పుడు మీరు ఏ కార్యాలయానికి వెళ్ళారు? ఏ తేదీన? 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం మీద కోర్టులో వ్యాజ్యం నడిచినప్పుడు మీరు ఏ వైపు మాట్లాడారు? మీ పార్టీ మౌనంగా ఉన్నప్పుడు కూడా మాట్లాడారా? జవాబులను ఒక నోటుపుస్తకంలో తేదీలతో వ్రాసిపెట్టండి. ఆ పని మన అక్కచెల్లెళ్ళకు అప్పగిస్తే మరింత బాగా జరుగుతుందని నా నమ్మకం. రేషను, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్పు కోసం కార్యాలయాల చుట్టూ ఎక్కువగా తిరిగేది వాళ్ళే గనుక ఎవరు పలికారో, ఎవరు పలకలేదో వాళ్ళకే గుర్తుంటుంది.

సమయం మించుతున్నది. మీ ప్రశ్నలు వింటాను.