దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పెద్దవారు అడిగిన మాటే పదిసార్లు అడిగితే ‘చాదస్తం’ అని నవ్వి ఊరుకోవడం మన ఇళ్లలో అలవాటు. కానీ పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం వేరు, పొయ్యి ఎలా వెలిగించాలో మరచిపోవడం వేరు. రెండోది కనిపిస్తే డాక్టరుకు చూపించి తీరాలి. థైరాయిడ్ లోపం వల్లనో, బి12 విటమిన్ లోపం వల్లనో వచ్చిన మరుపైతే మందులతో తగ్గవచ్చు. అలా కాక, రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా తెలివి సన్నగిల్లుతూ పోతే దాన్ని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. మగవారిలో కన్నా ఆడవారిలోనే ఎక్కువట. రోగులలోనూ మనమే ఎక్కువ, సేవ చేసేవారిలోనూ మనమే ఎక్కువ. అందుకే ఈ లెక్కేదో మనమే వేసుకోవాలి.

ఈ జబ్బులో పెద్ద ఖర్చు మందులది కాదు, మనిషిది. స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి, అర్ధరాత్రి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఆయా జీతం నెలకు 18 వేలు అనుకుందాం. మందులు, డైపర్లు, డాక్టరు ఫీజు కలిపి మరో 7 వేలు అనుకుందాం. నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. ఎనిమిదేళ్లు సాగితే 24 లక్షలు! ఏటేటా పెరిగే జీతం ఇందులో కలపనే లేదు.

‘ఆయా దేనికి, కోడలుందిగా’ అనేవాళ్లుంటారు. ఆ కోడలు నెలకు 20 వేలు వచ్చే ఉద్యోగం మానుకుంటే ఆ ఇంటికి ఏడాదికి 2 లక్షల 40 వేలు పోయినట్టే. పద్దుల పుస్తకంలో దాన్ని ఎవరూ రాయరు, అంతే తేడా.

మరి బీమా ఉందిగా అంటారేమో. మీ ఆరోగ్య బీమా కాగితాలు తీసి, వర్తించనివి ఏమిటో రాసిన పేజీ ఒకసారి చదవండి. బీమా నియంత్రణ సంస్థ 2019లో మినహాయింపులకు ఒక ఉమ్మడి జాబితా ఇచ్చింది. స్నానానికీ, బట్టలు కట్టుకోవడానికీ, అటూ ఇటూ నడవడానికీ సాయపడే మనిషి ఖర్చు అందులో ఉంది. ఇంట్లోనైనా, నర్సింగ్ హోములోనైనా ఆ డబ్బు రాదు. 70 ఏళ్లు నిండిన వారందరికీ 2024 అక్టోబరులో వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల వరకు ఇస్తుంది గానీ, అది ఆస్పత్రిలో చేరితే అయ్యే వైద్యానికి. తుంటి విరిగితే అక్కరకొస్తుంది, ఆయా జీతానికి రాదు.

జపానులో 2000 ఏప్రిల్ నుంచి సంరక్షణ బీమా ఉంది. 40 ఏళ్లు వచ్చినప్పటి నుంచి అందరూ చందా కడతారు. వృద్ధాప్యంలో ఇంటికొచ్చి సాయపడే మనిషి ఖర్చులో నూటికి 10 నుంచి 30 వంతులు మాత్రం తాము పెట్టుకుంటారు. జర్మనీలో 1995 నుంచే ఇటువంటిది ఉంది. మనకు అటువంటి ప్రభుత్వ బీమా లేదు. కొన్ని క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలలో అల్జీమర్స్ పేరు ఉంటుంది. జబ్బు నిర్ధారణ అయితే షరతుల ప్రకారం ఒకేసారి డబ్బు ఇస్తారు. ఏ వయసు దాకా ఇస్తారో అడిగి మరీ కొనండి. జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీకి వెళితే, ఆ జబ్బును శాశ్వతంగా మినహాయించే వీలు కంపెనీకి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కాబట్టి సొంత నిధి ఒకటి కూడబెట్టుకోక తప్పదు. 45 ఏళ్ల నుంచే, పెళ్లిళ్లకూ చదువులకూ ముట్టుకోని డిపాజిట్టు ఒకటి వేరుగా ఉంచండి. 60 దాటాక పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. చేతిలో డబ్బు లేక సొంత ఇల్లు మాత్రం ఉన్నవారికి, అదే ఇంట్లో ఉంటూ బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ పద్ధతి 2007 నుంచి ఉంది.

డబ్బు ఉన్నా, అది చేతికి రావాలి కదా! పవర్ ఆఫ్ అటార్నీ రాయించాం కదా అని ధీమాగా ఉండకండి. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే అది చెల్లదు. ఆ తరువాత గార్డియన్ కోసం కోర్టు మెట్లెక్కాలి. అందుచేత తెలివి స్పష్టంగా ఉన్నప్పుడే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగల జాయింటు ఖాతా, నామినేషన్లు, వీలునామా సిద్ధం చేసుకోండి. పిల్లలకు ఆస్తి రాసిస్తే, తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాయించండి. వారు మాట తప్పితే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు.

ఈ ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఈ మాట ఎత్తండి. ‘అశుభం పలకకు’ అంటారు. అననివ్వండి. ఏ పాసుపుస్తకం ఎక్కడుందో, ఏ పాలసీ ఎవరి పేరున ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంటి ఆడవారికి తెలిసే చోట పెట్టండి. పంపకం డబ్బుకే కాదు, సేవకూ చేయండి. ఎవరు ఏ రోజు దగ్గర ఉంటారో, దూరాన ఉన్న కొడుకు నెలకు ఎంత పంపుతాడో ముందే అనుకుంటే, రేపు ఒక్క ఆడమనిషి నడుము విరగదు.