వికీపీడియాలో మన ముంగిలి



తుంగభద్రా తీరమున నున్న మంత్రాలయమునకు ఏటేట లెక్కకు మిక్కిలిగా యాత్రికులు వచ్చుచుందురు. రైలులో వచ్చువారు మంత్రాలయం రోడ్డు స్టేషనులో దిగుదురు. కాని అది క్షేత్రము కాదు. అచటినుండి బస్సో ఆటోయో ఎక్కి ఇంచుమించు పది మైళ్లు పోవలెను. క్షేత్రము చేరిన పిదప ముందుగా గ్రామదేవతయైన మంచాలమ్మను దర్శించి, ఆ తరువాతనే శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671వ సంవత్సరమున ప్రవేశించిన బృందావనమును దర్శించుట ఆచారము. క్రొత్తవాడు ఎవరి నడిగినను ఈ క్రమమునే చెప్పుదురు. ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలిసినచోట ఎంత జనసమ్మర్దమున్నను మనుష్యుడు తికమకపడడు. తెలియనిచోట జనము లేకున్నను దారి తప్పును.

నేను నేడు ముచ్చటింపదలచినది దేవాలయమును గూర్చి కాదు. తెలుగు వికీపీడియాలో వ్రాయువారు తమ్మును గూర్చి తాము చెప్పుకొనుటకై ఏర్పరచుకొను పేజీని గూర్చి. దానికి వాడుకరి పేజీ అని పేరు. దర్శనక్రమమునకు వర్తించిన సూత్రమే దీనికిని వర్తించును గనుక అచటినుండి ఆరంభించితిని.

వికీపీడియా యనగా ఎల్లరును కలిసి వ్రాయు విజ్ఞానసర్వస్వమని మీలో చాలమంది ఎరుగుదురు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు మొదటి వికీని నిర్మించెను. వికీ యనునది హవాయి భాషాపదము; త్వరితమని దాని అర్థము. 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియాయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు మొదలైనవి. అందు వ్యాసములు వ్రాయువారికి జీతము లేదు, పుస్తకముపై వలె అట్టమీద పేరు లేదు. వ్రాసినవా రెవరో తెలియవలెనన్న ఆ వ్యాసముయొక్క చరితమును తెరచి చూడవలెను. అచట పేరు కనబడును. ఆ పేరును నొక్కినచో వారి వాడుకరి పేజీకి పోవుదుము.

క్రొత్తగా చేరినవాని పేరు ఎఱ్ఱని అక్షరములతో నుండును. పేజీ ఇంకను పుట్టలేదని దాని అర్థము. అతడు రెండు మాటలు వ్రాసి భద్రపరచిన క్షణముననే ఆ పేరు నీలివర్ణమునకు మారును. ఎఱ్ఱపేరుతో వ్రాయుట తప్పు కాదు. కాని ముఖమెరుగని సమాజములో ఒక మనుష్యుడు తలుపు తెరచి, ఇదిగో నే నిట్టివాడనని చెప్పుట ఎదుటివారికి ధైర్యము నిచ్చును. మన వ్యాసములో ఒక సంగతి తప్పని తోచినవాడు మనతో వాదించుటకు ముందు మన పేజీ చూచును. సాయము కావలసినవాడు అడుగుటకు ముందు చూచును. కావున ఈ పేజీ అలంకారము కొరకు కాదు, పనికొరకు. ఈ మాట నేను ఆలస్యముగా తెలిసికొన్నాను. ఎట్లు తెలిసినదో చెప్పెదను.

నేను ఆదోనివాడను. వికీపీడియాలో చేరిన తొలిదినములలో వ్యాసములు వ్రాయుటకంటె నా పేజీని సింగారించుటకే ఎక్కువ ప్రొద్దులు వెచ్చించితిని. వెనుక ముదురు ఊదారంగు, దానిపై పసుపుపచ్చని అక్షరములు. పైభాగమున ఆదోని కోట ఛాయాచిత్రము, తెర నిండునంత పెద్దది. దానిక్రింద ఇష్టమైన వంట, ఇష్టమైన ఆట, ఇష్టమైన నటుడు అనుచు ఇరువదికి పైబడిన చిన్న పెట్టెలు. నాకు తెలుగు, కన్నడము, ఉర్దూ వచ్చునను సంగతి ఆ పెట్టెల అడుగున ఎక్కడనో ఉండెను.

ఆ కాలముననే మన ప్రాంతపు గ్రామ మొకదానిని గూర్చిన వ్యాసము కొరకు తోడి వాడుకరి యొకడు ఒక శిలాఫలకముయొక్క ఛాయాచిత్రము తీసెను. అందలి అక్షరములు కన్నడలిపిలో నుండెను. చదువగలవారెవరని రచ్చబండలో అడిగెను. నే నా దినములలో రచ్చబండ చూడలేదు. అతడు ఊరకుండక ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల వాడుకరుల పేజీలన్నియు తెరచి చూచెను. నాదియు చూచెను. ఎవరును దొరకనందున ఊహించి ఒక పేరు వ్రాసెను. ఆ పేరు తప్పు. వికీపీడియాలో నిలిచిన తప్పు అచటనే యుండునా? నెలలు గడచునప్పటికి మరి రెండు మూడు చోట్ల ఎవరో దానిని ఎత్తి వ్రాసికొనిరి. తుదకు నేనే ఆ వ్యాసమును చూచి సరిదిద్దితిని. అప్పుడతడు నా చర్చాపేజీలో వ్రాసిన మాట ఇది: “అన్నా, మీ పేజీ రెండు తూర్లు చూసినాను. రంగులు చూసినాను, కోట చూసినాను. మీకు కన్నడం వస్తుందని మాత్రం కనపడలేదు.”

ఆ మాటలో నిష్ఠురము లేదు. అందువలననే నాకు మిక్కిలి తగిలినది. వ్యాసములో నిలిచిన తప్పు అతనిదే యైనను, దానికి దారి తీసినది నా పేజీయే. ఆ రాత్రియే దానిని విప్పి మరల కట్టితిని.

మన ప్రాంతపు వాడుకరికి భాషలు చెప్పుకొనుట వట్టి ముచ్చట కాదు. ఆదోని 1953 అక్టోబరువరకు బళ్లారి జిల్లాలోని తాలూకా. ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఇటు చేరినది. అంతకు ముందు బిజాపురపు సుల్తానుల యేలుబడియు, నిజాముల యేలుబడియు చూచినది. 1800లో దత్తమండలములతోపాటు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినది. కాబట్టి ఇచటి బజారులో ఒకే మనుష్యుడు తెలుగున బేరమాడి, కన్నడమున కుశలమడిగి, ఉర్దూలో సెలవు తీసికొనుట వింత కాదు. ఇట్టివారు వికీపీడియాకు నిధుల వంటివారు. అయితే నిధి ఉన్నదని తెలియవలెను గదా! దీనికై వికీలో బాబెల్ అను పెట్టెలు కలవు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పెట్టె. ఏమియు రాదన్న సున్న. కొద్దిగా వచ్చునన్న ఒకటి. అట్లు హెచ్చుచు వృత్తినిపుణుని స్థాయికి ఐదు. మాతృభాషకు వేరే గుర్తు. ఇందు అతిశయోక్తి పనికిరాదు. కన్నడము మాటలాడుట వచ్చి చదువుట రానివాడు ఆ మాటను ప్రక్కన ఒక వాక్యములో వ్రాయవలెను. ఇతరులు మన అంకెను నమ్మి పని అప్పగింతురు.

ఇక పేజీయందలి క్రమమును గూర్చి. తెర జరపకమునుపే కంటబడవలసినవి మూడు: నేనెవడను, ఏ విషయములు వ్రాయుదును, దేనికి నన్ను అడుగవచ్చును. నాలుగైదు వాక్యములు చాలును. “ఆదోని పరిసరముల గ్రామములను గూర్చియు, చేనేతను గూర్చియు వ్రాయుదును; కన్నడ ఫలకములు చదివి పెట్టుదును” అన్నచో పని తీరినది. దాని ప్రక్కనో క్రిందనో భాషల పెట్టెలు. తరువాత తలకట్టులతో మిగిలిన భాగములు: నేను ఆరంభించిన వ్యాసములు, ప్రస్తుతము చేయుచున్న పని, తీసిన ఛాయాచిత్రములు. తలకట్టును పెద్ద అక్షరములతో దిద్దుట కాక, వికీ పద్ధతిలో ఇరుప్రక్కల రెండేసి సమానపు గుర్తులుంచి తలకట్టుగానే వ్రాయవలెను. అప్పుడు విషయసూచిక దానంతట అదియే ఏర్పడును. చూపులేనివారి కొరకు తెరను చదివి వినిపించు సాధనములు సయితము ఆ తలకట్టులనుబట్టియే దారి తెలిసికొనును. చిత్రమునకు దానియందేమున్నదో చెప్పు ఒక వాక్యము తోడుచేయుటయు వారి కొరకే.

జాబితా పెరిగినచో నేమి చేయవలెను? నూరు వ్యాసముల పేర్లు ఒకే పేజీలో గ్రుమ్మరింపరాదు. వాడుకరి పేరునకు తరువాత ఒక ఏటవాలు గీత గీసి మరియొక పేరు చేర్చిన ఉపపేజీ పుట్టును. వ్యాసముల జాబితా కొకటి, ఛాయాచిత్రముల కొకటి, చిత్తుప్రతులు వ్రాసికొను ప్రయోగశాల యొకటి. ఇంటికి గదులున్నట్లే ఇవియు. ముంగిట వాటి లంకెలు మాత్ర ముండిన చాలును. ఉపపేజీలోనికి పోయినవాడు మొదటి పేజీకి మరలివచ్చుటకు త్రోవ యున్నదా యని తప్పక చూడవలెను.

అందము వలదా యని మీరడుగవచ్చును. తప్పక వలయును. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరు మన పొరుగుననే యున్నది. అచటి మగ్గముమీది చీరను చూడుడు. ఒడలంతయు ఒక రంగు. వన్నె యంతయు అంచునకు, కొంగునకు. ఒడలు నిండ బుటాలు క్రమ్మినచో కొంగు ఎక్కడనో తెలియకపోవును. పేజీయు నట్లే: తెల్లని నేల, నల్లని అక్షరములు, తలకట్టుల కడ ఒక్క రంగు, ఒక్క మంచి చిత్రము. అక్షరపు రంగునకు నేలరంగునకు నడుమ వెలుగుల నిష్పత్తి 4.5కు 1 కంటె తగ్గరాదని వెబ్ ప్రమాణములు చెప్పుచున్నవి. ఆ లెక్క తెలియకున్నను, మధ్యాహ్నపు టెండలో ఫోను పట్టి చూచిన చాలును. చదువుటకు కన్నులు చికిలించవలసివచ్చిన ఆ రంగు పనికిరాదు. నేడు చాలమంది చూచునది చేతిలోని ఫోనులోనే గనుక, కంప్యూటరు తెరపై ఒకదాని ప్రక్క నొకటిగా అమరిన పట్టికలు అందు ఇరుకునబడి చీలికలగును. భద్రపరచుటకు ముందు ఫోనులో నొకమారు సరిచూచుట మంచిది.

మరియొక సంగతి. సినిమా ప్రకటనలు, సంస్థల ముద్రలు మొదలగు హక్కులు గల బొమ్మలను వాడుకరి పేజీలో నుంచరాదు. స్వేచ్ఛగా వాడుకొనుటకు అనుమతి యున్నవే ఉంచవలెను. మన మూళ్ల కోటలను, నదిని మనమే ఛాయాచిత్రము తీసి కామన్సులో చేర్చి, వాటినే పేజీలో పెట్టుకొన్నచో చిక్కులేదు, గౌరవమును కలదు.

ఇప్పుడు చెప్పకూడనివాటిని గూర్చి. ఒకమారు కళాశాల విద్యార్థిని యొకతె తన పేజీలో పుట్టినతేది, వీధి పేరు, ఫోను నంబరు అన్నియు వ్రాసికొన్నది. సాయము చేయుటకే వ్రాసినది, పాపము! వారము తిరుగకమునుపే అపరిచితులు పిలువసాగిరి. ఆమె నంబరును చెరిపివేసినది. అయినను పిలుపులు మానలేదు. ఏలయన, వికీలో చెరిపినది నశింపదు. పాత ప్రతి చరితములో నుండును, ఎవరైనను తెరచి చదువవచ్చును. పెద్దల సలహామీద నిర్వాహకులకు తెలుపగా వారా పాత కూర్పులను మరుగుపరచిరి. అందుచే నేను క్రొత్తవారికి, అందును పిల్లలకు, మొదట చెప్పు మాట ఇది: అమ్మా, నాయనా, ఊరి పేరు చాలును, ఇంటి జాడ వలదు. మిమ్ము పలుకరింపదలచినవారికి చర్చాపేజీ యున్నది.

అట్లే చెప్పక తప్పనిదియు నొకటి కలదు. ఎవరైనను ప్రతిఫలము పుచ్చుకొని ఒక సంస్థను గూర్చియో వ్యక్తిని గూర్చియో వ్రాయుచున్నచో ఆ సంగతి వెల్లడింపవలెనని 2014నుండి వికీమీడియా వినియోగ నిబంధనలలో నున్నది. వాడుకరి పేజీ దానికి తగిన తావు. ఇక సొంత వ్యాపారమును పొగడుకొనుటకు ఈ పేజీని వాడుట తగదు, అట్టివి తొలగింపబడును. ఈ ముంగిలి మన పేరున ఉన్నను స్థలము ఊరుమ్మడిదని మరువరాదు.

క్రొత్తవారు భయపడనక్కరలేదు. నేటి సాయంకాలము మూడు వాక్యములు వ్రాయుడు. రేపు భాషల పెట్టెలు చేర్చుడు. పది వ్యాసములు వ్రాసిన తరువాత జాబితా, అటుపై ఒక చిత్రము. మనము చేసిన పని పెరిగినకొలదిని పేజీ పెరుగవలెనే గాని, పేజీ పెరిగి పని తరిగినచో నా తొలి పేజీవలె నగును. ఆరునెలల కొకమారు పాతబడిన మాటలు తీసివేయుడు. చేయుట మానిన పనిని ఇంకను చేయుచున్నట్లు చూపినచో అడుగవచ్చినవాడు నిరాశపడును.

ఆ శిలాఫలకముయొక్క వ్యాసములో నేడు గ్రామము పేరు సరిగా నున్నది. ఎత్తి వ్రాసికొన్న చోట్ల మాత్రము ఒకటి రెండింట ఆ తప్పు నేటికిని చెరగలేదు. నా పేజీలో ఇప్పుడు ఊదారంగు లేదు, కోట చిత్రము చిన్నదైనది. మొదటి వాక్యము మాత్ర మిట్లున్నది: “ఆదోనివాడను, తెలుగు మాతృభాష, కన్నడము, ఉర్దూ చదువగలను, అడుగుడు.” అది వ్రాసిన తరువాత అడిగినవారు పలువురు. వచ్చినవానికి త్రోవ తెలియుటకంటె ముంగిలికి వేరొక సింగారము నే నెరుగను.

సెలవు.