గినీ గుడ్డ



పెడనలో అద్దకము జరుగు తావులను మీలో ననేకులు చూచియే యుందురు. కరక్కాయ రసమును పాలును పట్టించిన గుడ్డపై, బెల్లపునీట ఇనుము నానవేసి తీసిన నల్లరంగును, పటికనీటిని చెక్క అచ్చులతో నొత్తుదురు. కాలువలో జాడించి వేరురంగుతో నుడికించినప్పుడు పటిక తగిలినచోట నెఱ్ఱదనము తేలును. పూర్వ మీ యెఱ్ఱదనమునకు సముద్రతీరపు ఇసుకనేలలలో త్రవ్వితీసిన చిరివేరు ఆధారము.

ఈ తీరపు వస్త్రములకై పదునేడవ శతాబ్ది యారంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరు చేరిరి. కోరమండల తీరమున వారు కొన్న గుడ్డలలో నొక రకమునకు గినీ గుడ్డ యని పేరు. గినీ యనగా ఆఫ్రికాఖండపు పశ్చిమతీరము. ఆ గుడ్డ మొదట ఐరోపా రేవులకును, అచ్చటినుండి ఆ తీరమునకును పోయెడిది. అచ్చట దానికి మారుగా పుచ్చుకొనిన సరకులలో మనుష్యుడును ఒకడు.

ఆంగ్లేయ పార్లమెంటు తన దేశపు పట్టు, ఉన్ని పనివారి రక్షణకై 1700లోను 1721లోను శాసనములు చేసి, అద్దకపు నూలుగుడ్డ తమ ప్రజలు కట్టరాదనెను. మరల ఎగుమతి చేయుటకు మాత్ర మడ్డు చెప్పలేదు. ఇంగ్లండున కట్టరాని గుడ్డ ఆఫ్రికాలో మనిషిని కొనుటకు పనికివచ్చినది! నాలుగు శతాబ్దులలో సుమారు 1 కోటి 25 లక్షలమందిని ఓడల కెక్కించిరి. అవతలి యొడ్డు చేరినవారు సుమారు 1 కోటి 7 లక్షలు.

ఇందు మన నేతగాని దోషమేమి? తన గుడ్డ యే రేవున దిగునో వాడెఱుగడు. వాడెఱిగినది బయానా తెచ్చిన దలాలి ముఖమొక్కటే. లాభము మగ్గముకడను నిలువలేదు, గినీతీరమునను నిలువలేదు.

బ్రిటిషువారు 1833లో బానిసత్వమును రద్దుచేయుచు 2 కోట్ల పౌనుల పరిహార మేర్పరచిరి. అది బానిసలకు గాదు, యజమానులకు! ఊరి తగవులు తీర్చిన పెద్దలు మీరు. దొంగ యింట దొరికిన యెద్దును విడిపించి, దాని వెలను దొంగకే యిప్పించిన తీర్పును మీరెచ్చటనైన వింటిరా? ఆ సొమ్మునకై చేసిన ఋణము 2015లోగాని పూర్తిగ తీరలేదు. విముక్తులైనవారికి మాత్ర మొక కాసైన ముట్టలేదు.

బానిసలు పోగా చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. అప్పుడు మనవారి వంతు వచ్చినది. కోరంగి రేవు పేరిట మారిషసులో తెలుగువారికి కోరంగులను పేరు కలిగెను. మదరాసునుండి వెడలిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరెను. అదిమొదలు 1911 వరకు నేటాలునకు పోయినవారు 1,52,000 పైబడిరి. అందు తెలుగువా రనేకులు. అయిదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల కూలి. గడువు తీరినపిదప తిరిగిపోక, మరల ఒడంబడికకు లొంగక నిలిచినవారిపై 1895లో ఏటికి 3 పౌనుల పన్ను విధించిరి. అనగా ఆ మొదటియేటి కూలిలో ఆరునెలల మొత్తము! గాంధిమహాత్ముని సత్యాగ్రహము, 1913 నాటి కార్మికుల సమ్మె ఫలితముగ 1914లో నది రద్దయ్యెను.

నేడు కరీబియను దేశములు ఆ పాతలెక్కను మరల విప్పుచున్నవి. అవి 2013లో పరిహారసంఘము నేర్పరచి, 2014లో పది యంశముల కోరికను ప్రకటించినవి. నూరేండ్ల నాటి మాట యిప్పుడేల యని కొందఱందురు. ఋణము 2015 వరకు తీర్చుట యుక్తమైనచో, లెక్క యడుగుట యేల యుక్తము గాదు?

ఈ ప్రశ్న మన యింటికిని వచ్చును. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు కలదు. అయినను దాని పూవులను, లతలను యంత్రముపై అచ్చువేసిన గుడ్డ అంగడిలో చౌకగా దొరకుచున్నది. పని యొకనిది, పేరొకనిది, లాభ మింకొకనిది యగుట ఆనాటి వర్తకపు నీడయే. గుడ్డ కొనునపుడు వెలతోపాటు చేసిన చేతికెంత ముట్టెనని యడుగుడు. ఆ ప్రశ్న ఆనాడు గినీతీరమున నెవ్వరు నడుగలేదు.