కరవు దినములలో నిరీక్షణ



మన మెదకు దేవాలయ నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ప్రజలు కరవుతో అల్లాడుచుండగా పోస్నెట్ దొరగారు ఈ పని కల్పించి, కూలిగా తిండి పెట్టిరి. రాళ్ళు మోసినవారిలో మా నాయనమ్మ ఒకతె. "అడుక్కొని తినలేదు బిడ్డా, మోసి తిన్నం" అనెడిది. మానముతో తిన్న ఆ ముద్దయే మా యింట విశ్వాసమునకు నాంది.

నేను దానిని మరచితిని. 1986లో వానలు లేక, బావి ఎండి, అప్పులపాలై గుడికి వచ్చుట మానితిని. కానుక వేయలేని చేతులతో రావడానికి సిగ్గుపడితిని. అప్పుడు సంఘస్థులు కొందరు నాగళ్ళు కట్టుకొని నా చేనికి వచ్చిరి. ఎందుకు రావడము లేదని ఒక్కరైనా అడగలేదు. వేసవి దుక్కి దున్ని, మా యింట అంబలి త్రాగి వెళ్ళిరి. ఆ ఆదివారము గుడికి వచ్చితిని. వాన యింకా పడలేదు, అప్పు తీరలేదు, అయినను ప్రార్థింపగలిగితిని.

ప్రియులారా, చూడవచ్చువారు ఈ గోపురము ఎత్తును చూతురు. మనము రాళ్ళు మోసిన ఆకలి తలలను జ్ఞాపకము చేసికొందము. నేడు సిగ్గుతో ఇంటనే నిలిచిపోయిన విశ్వాసి గడపకు మనమే ముందుగా పోవుదము. ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.