వచ్చిన జబ్బు ఎంత వేగంగా ముదురుతుంది?

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మన రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీస్తాయి. ఇరవై ఏళ్లయినా కొందరు మామూలుగా నడుస్తారు. కొందరికి కొన్నేళ్లకే చేతికర్ర కావాలి. ఎందుకీ తేడా?

జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే జన్యు తేడాలు 200కు పైగా దొరికాయి. అవి ఎక్కువగా రోగనిరోధక వ్యవస్థకు చెందినవి. ముదిరే వేగం గురించి మాత్రం అవి పెద్దగా చెప్పలేదు.

2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ ముడిని కొంత విప్పింది. 12,000 మందికి పైగా రోగుల జన్యువులను గాలించి, ఫలితాన్ని దాదాపు 10,000 మంది ఇతర రోగుల్లో సరిచూశారు. రెండో క్రోమోజోముపై, డిస్ఫెర్లిన్ జన్యువు పక్కన, ఒక చిన్న మార్పు కనిపించింది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారికి నడకకు ఊతం సుమారు నాలుగేళ్లు ముందే అవసరమైంది. డిస్ఫెర్లిన్ పని దెబ్బతిన్న కణాల పొరను అతుక్కునేలా చేయడం. అంటే, దాడి రోగనిరోధక కణాలదే కావచ్చు, తట్టుకోవలసింది మాత్రం మెదడు! ఇప్పటి మందులు ఎక్కువగా దాడిని అణచేవే కనుక, నాకు ఇదే అసలు విశేషం అనిపిస్తుంది.

అయితే ఈ అధ్యయనంలోని రోగులు యూరోపియన్ మూలాలవారు; మన రోగుల్లో విడిగా చూడాల్సిందే. పొగతాగడం జబ్బు ముదిరేలా చేస్తుందనడానికి కూడా అదే అధ్యయనంలో ఆధారం దొరికింది.