మిరపకాయ రాకముందు



ఆచారం గట్టిగా పట్టే ఇళ్ళల్లో తద్దినం నాడు కొన్ని కూరగాయలు వంటింటి గడప తొక్కవు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్టు... ఏదీ పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి సంగతి సరేసరి. పచ్చిమిరపకాయకీ ఎండుమిరపకాయకీ కూడా ఆ రోజు సెలవే. కారం కావాలంటే మిరియాలు, అల్లం. మరి విస్తట్లో ఏం పెడతారు? అరటికాయ, కంద, చేమదుంప, కాకర, పొట్ల, దోస, పెసరపప్పు, నువ్వుల పచ్చడి, అల్లం పచ్చడి, గారెలు. ఇంటింటికీ ఈ జాబితా కొంచెం మారుతుంది. ఒకరింట్లో వంకాయ చెల్లుతుంది, పక్కింట్లో చెల్లదు. దాని మీద వాదన మొదలైతే భోక్తలు ఆకలితో కూర్చోవాల్సిందే.

పితృదేవతలకి టమాటా మీద కోపం ఎందుకని పెద్దవాళ్ళని అడిగితే, మా పెద్దవాళ్ళు పెట్టలేదు కనుక మేమూ పెట్టం అంటారు. చరిత్ర చెప్పే జవాబూ ఇంచుమించు అదే. ఆ నియమాలు స్థిరపడ్డ కాలానికి ఈ దేశంలో టమాటా లేదు, బంగాళాదుంప లేదు, మిరపకాయ లేదు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో నేటికీ బంగాళాదుంప, టమాటా వాడరు. ఇలాంటి వంటశాలలు కాలాన్ని ఒకచోట ఆపేశాయి కాబట్టి, మనకంటే ముందువాళ్ళు ఏం తిన్నారో వాటిలోకి తొంగి చూసి తెలుసుకోవచ్చు.

ఈ తద్దినం వంట మీద ఒక కథ చెప్పుకుంటారు. వసిష్ఠుడు విశ్వామిత్రుణ్ణి శ్రాద్ధ భోజనానికి పిలిచాడట. వెయ్యిన్నెనిమిది కూరలు వడ్డిస్తే వస్తానన్నాడట విశ్వామిత్రుడు. అరుంధతి ఏమాత్రం కంగారుపడకుండా కాకరకాయ, నల్లేరు, పనస, వాటితోపాటు మరో ఎనిమిది కూరలు వడ్డించింది. ఇదేమిటని ఆయన కోపగిస్తే లెక్క చెప్పింది: శ్రాద్ధంలో కాకర నూరు కూరల పెట్టు, నల్లేరు మూడు వందల పెట్టు, పనస ఆరు వందల పెట్టు, ఎనిమిది కలుపుకోండి అని. ఇల్లాలి తెలివిని మెచ్చుకోవడం అలా ఉంచండి. ఈ మూడూ ఎలాంటివో గమనించారా? ఒకటి దొడ్డి కంచె మీద పాకేది, ఒకటి రాళ్ళ మీద, ముళ్ళపొదల మీద అల్లుకునేది, ఒకటి చెట్టు మొదట్లో కాసేది. నీరు పెట్టి మళ్ళు కట్టి సాకాల్సినది ఒక్కటీ లేదు. నల్లేరు మీద బండి నడక అంటాం గానీ నల్లేరు వంట అంత సాఫీగా సాగదు. లేత కణుపులు ఏరి, నార తీసి, నూనెలో బాగా మగ్గించి, చింతపండు వేసి నూరితేనే గొంతుకి దురద తప్పుతుంది.

ఇక రాతలో దొరికే సాక్ష్యానికి వద్దాం. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడి ఇంటి అతిథి భోజనాన్ని మూడు కాలాలకి మూడు పద్యాల్లో వర్ణించాడు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాళింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరుకు రసం, కొబ్బరినీళ్ళు, పళ్ళు, వడపిందెలు, మజ్జిగ. చలికాలంలో మిరియప్పొడి పడ్డ వేడి వేడి కూరలు, ముక్కు అదిరిపోయే ఆవ పచ్చళ్ళు, పాయసం, ఊరగాయలు, కాగిన నెయ్యి.

అంత పెద్ద రాజ్యాన్ని ఏలే మనిషికి వానాకాలంలో ఇల్లాలు వరుగులు వేయిస్తుందన్న సంగతి తెలియడం నాకు ముచ్చటగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మూడు పద్యాలు వెతికినా మిరపకాయ కనపడదు. ఘాటంతా మిరియంది, ఆవది. ఆయన ఏలుబడిలోనే, 1510లో, పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు బజారుకి వచ్చే నిమ్మకాయలు, నారింజలు, వంకాయలు చూసి నివ్వెరపోయాడు. అమెరికా నుంచి మిరప విత్తనాన్ని మన తీరానికి చేర్చింది ఆయన దేశపు ఓడలే.

ఆవ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పాత వంట నైపుణ్యమంతా అందులో ఉంది. పొడి ఆవగింజలో ఘాటు ఉండదు. గింజ నలిగి, తడి తగిలాక లోపలి పదార్థాలు రెండు కలిసి ఘాటు పుడుతుంది. అలా కలిపే ఎంజైముకి వేడి పడదు. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే తప్ప ముక్కుకి ఎక్కవు, కారణం ఇదే. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కూర చేసేవాళ్ళకి ఈ శాస్త్రం చేతుల్లో ఉంటుంది. లేత పనసకాయ చెక్కు తీయడానికి ముందు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటారు, లేకపోతే పాలు జిగురై పట్టుకుంటాయి. కాయని టకటకా కొట్టి సన్నటి పొట్టు చేస్తారు. బజార్లో కొట్టిన పొట్టే అమ్ముతారు, అది వేరే సంగతి. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టి, చింతపండు గుజ్జు కలిపి మగ్గనిస్తారు. కూర దించి, చల్లారాక, అప్పుడు కలుపుతారు నూరిన ఆవముద్దని. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. రెండు గంటలు ఊరిన కూర తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరగాలి. ఇందులో ఎండుమిరపకాయ తీసేసి మిరియం వేయండి, రాయలవారి చలికాలపు విస్తట్లో ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కాలంలో ఏ కూర ఆ ఋతువులోనే ఎందుకు తినేవాళ్ళు? ఆరోగ్యసూత్రమని ఇవాళ చాలామంది చెబుతారు. నాకు మాత్రం గత్యంతరం లేకనే అనిపిస్తుంది. పందిరి చిక్కుడుని చూడండి. జ్యేష్ఠంలో పాతినా, శ్రావణంలో పాతినా తీగ పాకుతుందే గానీ పూత పట్టదు. పగటి పొద్దు కురచ కావాలి దానికి. అందుకే కార్తీకం దగ్గర పడుతుంటే పూత, మార్గశిర పుష్యాల్లో కాపు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఊరికే రాలేదు. ఆ రోజుల్లో ఏ పెరట్లో చూసినా చిక్కుడే. గోంగూరదీ ఇదే తంతు. పొద్దు పొడుగ్గా ఉన్నంతకాలం ఆకు వేస్తుంది, పొద్దు తగ్గితే పూతకి తిరిగి కాడ ముదురుతుంది. ఆ ముదిరిన కాడని కూడా మనవాళ్ళు వదల్లేదు, నార తీశారు. ఉత్తరాంధ్ర గోగునారకి విదేశీ మార్కెట్లో బిమ్లిపటం జ్యూట్ అని పేరు. ఎగుమతి చేసిన రేవు భీమునిపట్నం మరి.

ఆషాఢ శ్రావణాలు కూరగాయలకి గడ్డుకాలం. వేసవి పాదులు తొలకరికి కుళ్ళిపోతాయి, కొత్తగా పెట్టిన విత్తు ఇంకా కాపుకి రాదు. ఈ సందుని దాటించేవే వరుగులు. ఎండలు మండే రోజుల్లో గోరుచిక్కుళ్ళు, వంకాయ చక్రాలు, కాకర, దోస ముక్కలు ఉప్పు మజ్జిగలో నానబెట్టి మంచం మీద చీర పరిచి ఎండబెట్టేవారు. లోపల చెమ్మ మిగిలితే బూజు పడుతుంది కాబట్టి గలగలమనేదాకా ఎండాలి. వానపడే రోజున నూనెలో వేయిస్తే పప్పులోకి నంజుడు, పులుసులో వేస్తే కూర. బూడిద గుమ్మడికాయ వడియాల పనీ ఇదే. వీటిని చిరుతిండి కింద చూస్తున్నాం గానీ, ఒకప్పుడు రెండు నెలల కూర అదే.

మిరపకాయ వచ్చాక ఏమైందో పెద్దగా చెప్పక్కర్లేదు. మిరియం మలబారు అడవుల్లో పాకే తీగ, డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మిరప పేదవాడి పెరట్లో కూడా కాసింది, ఎండబెడితే ఏడాది నిలిచింది. కారం ఒక్కసారిగా అందరిదీ అయిపోయింది. గుంటూరు యార్డు చూసినవాడెవడికైనా ఇది పరాయి పంట అంటే నమ్మబుద్ధి కాదు. కాలీఫ్లవరు 1822లో సహారన్‌పూర్‌లోని ఈస్టిండియా కంపెనీ తోటకి ఇంగ్లండు నుంచి విత్తనంగా వచ్చింది. దాని వెంట, అంతకు ముందూ వెనకా, తక్కిన దొరల కూరలు. టమాటా మన వంటింట్లో పాతుకున్నది బాగా ఆలస్యంగా. ఇవాళ మదనపల్లె మార్కెట్లో ధర పెరిగితే దేశమంతా గగ్గోలు. 2023 వానాకాలంలో కిలో 200 దాటినప్పుడు ఇళ్ళల్లో ఏం జరిగిందో గుర్తుందా? పప్పులోకి దోసకాయ వచ్చింది, మామిడి వరుగు వచ్చింది, చారులోకి చింతపండు తిరిగొచ్చింది. టమాటా రాకముందు వంట ఎలా చేసేవాళ్ళో ఎవరూ నేర్పకుండానే చేతికి గుర్తొచ్చింది.

అలాగని పాతవన్నీ మనవి, కొత్తవన్నీ పరాయివి అని గీత గీస్తే ఇరుక్కుపోతాం. ఆంధ్రమాత అని పిలుచుకునే గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా. చింతచెట్టుదీ అదే గడ్డ. అవి ఎంత ముందుగా వచ్చాయంటే ఆ సంగతి మర్చిపోయాం, అంతే. కూరగాయ ఏ దేశానిదైతేనేం, దాన్ని వండే పద్ధతి మనది అన్నది నా అభిప్రాయం. క్యాబేజీ తెచ్చిన దొర దాన్ని ఉడకబెట్టుకు తిన్నాడు. మనవాళ్ళు దానికి ఆవ పెట్టారు, పెసరపప్పు కలిపారు, పచ్చడి నూరారు.

ఇంతసేపూ పెరళ్ళ గురించి, విస్తళ్ళ గురించి చెప్పాను. పెరడు లేనివాళ్ళ కూర పొలంలో ఉండేది, అదీ ఎవరూ విత్తకుండా మొలిచేది. తెలంగాణ మెట్ట చేలల్లో వానలు పడ్డాక కలుపు తీసే ఆడవాళ్ళు ఒక చేత్తో కలుపు పారేస్తూ, రెండో చేత్తో కొంగులో కూర వేసుకునేవారు. దొగ్గలికూర, గునుగాకు, పొనగంటి, గంగపాయల, అటికమామిడి, తుమ్మికూర. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు చాలామందికి తెలుసు. పువ్వు రాకముందు దాని లేతాకు పప్పులో వేసుకుంటారని పట్నంలో ఎందరికి తెలుసు? వినాయక చవితి నాడు తుమ్మికూర వండడం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, ఈ విత్తని కూరల పేర్లు, వంటలు, అవి మొలిచే వేళలు ఒకచోట చేర్చారు. వాళ్ళకి సొంత రేడియో కూడా ఉంది. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి తోటివాళ్ళ ప్రస్తావన తేకుండా ఉండలేను. కలుపు మందు కొట్టిన చేలో ఈ కూరలు మొలవవు. మందు కొనే ఖర్చు లెక్క రాస్తాం. పోయిన కూర ఏ లెక్కలోనూ పడదు, డబ్బిచ్చి కొన్నది కాదు కదా.

ఇప్పుడు ఋతువు పట్టు సడలింది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి చిక్కుడు రకాలు ఇచ్చారు, వాటికి పొద్దు పొడుగుతో పనిలేదు. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లలో ఏ నెల వెళ్ళినా చిక్కుడు కనిపించడానికి ఇలాంటి రకాలు ఒక కారణం. రైతుకి నాలుగు డబ్బులు వస్తున్నాయంటే నేను కాదనను. అయితే పుష్యమాసంలో పందిరి నుంచి కోసిన గింజ చిక్కుడు, కొత్త అల్లం వేసి చేసిన కూర తిన్నవాళ్ళకి ఆ రెండు చిక్కుళ్ళకీ తేడా చెప్పక్కర్లేదు.

పొద్దుని లెక్కపెట్టే పాత గుణం గోంగూరకి మాత్రం ఎక్కడికి పోయినా పోలేదు. టెక్సాస్‌లో మనవాళ్ళు పెరట్లో వేసుకుంటారు. వేసవి అంతా మనిషెత్తు పెరిగి, ఇరుగుపొరుగుకి పంచినా తరగనంత ఆకు ఇస్తుంది. అక్టోబరు వచ్చేసరికి పూత తొడుగుతుంది, వెనకాలే మంచు భయం. ఆ వారం తెలుగు ఇళ్ళల్లో ఉన్న ఆకంతా కోసి, నూనెలో మగ్గించి, డబ్బాలకెత్తి ఫ్రీజరులో పెట్టుకుంటారు. మార్చిలో ఆ డబ్బా తీసినప్పుడు ఒక చిట్కా: ఎండుమిర్చి కొంచెం తగ్గించి, నూరిన మిరియం ఒక అర చెంచా వేసి చూడండి.