పాత ట్రాక్టరు తొట్టి కొంటున్నారా?

ఉద్దానం కొబ్బరికాయలైనా, పలాస ఫ్యాక్టరీలకు వెళ్లే జీడిపిక్కలైనా తోట దాటడానికి ట్రాక్టరు తొట్టి ఎంతో అక్కరకొస్తుంది. పాతది కొనేటప్పుడు పైరంగు చూసి మోసపోకండి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కిందికి దూరి, వెల్డింగ్ అతుకుల దగ్గర సుత్తితో తట్టండి. ఛాసిస్ ఇనుము పెచ్చులుగా రాలితే బేరం వదిలేయండి.

చట్టం ప్రకారం తొట్టికీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో సరిచూసుకోండి. 29, 30 నంబరు ఫారాల మీద అమ్మినవారి సంతకం తీసుకుని, 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి.

కొన్న తొట్టిని టెక్కలి లాంటి ఊరి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద లాక్కొచ్చే ముందు కొక్కెం పిన్ను, దాని క్లిప్పు, టైర్లలో గాలి, వెనక లైట్లు చూసుకోండి. ఇంటికొచ్చాక చక్రాలు విప్పి బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించండి. తుప్పంతా గీకించి, రెడ్ ఆక్సైడ్ పూయించాకే రంగు వేయించండి.

రెండు చక్రాల తొట్టి అయితే బరువు ఇరుసుకు కాస్త ముందుండేలా సర్దండి. వెనక ఎక్కువైతే ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఇక తొట్టిలో మనుషుల్ని మాత్రం ఎక్కించకండి.